భాషాశాస్త్రం చదివితే ఎన్ని భాషలు వస్తాయి?

ప్రశ్న: మాది గాజువాక. డిగ్రీ ఆఖరి ఏడు, కంప్యూటర్స్ గ్రూపు. ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలోనే చదివాను. నాన్న వడ్రంగి. మా సొంతూరు శ్రీకాకుళం దగ్గర పల్లె. మా క్లాసులో పాడేరు వైపు అమ్మాయి ఒకామె ఉంది. వాళ్ల అమ్మతో ఫోనులో కువి భాషలో మాట్లాడుతుంటే, వింటూ వింటూ ఆ మాటలు నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను. ఇప్పటికి నూటయాభై దాటాయి. ఇదే ఒక చదువనీ, దాన్ని భాషాశాస్త్రం అంటారనీ మా లెక్చరర్ చెప్పారు. ఎం.ఏ.లో చేరాలని ఉంది. నాన్న బి.ఇడి. చెయ్యమంటున్నారు. మామయ్య ద్వారకానగర్‌లో బ్యాంకు కోచింగ్ అంటున్నాడు. స్నేహితులేమో ‘నీ తెలుగే సరిగా ఉండదు, నువ్వు భాషాశాస్త్రం చదువుతావా’ అని నవ్వుతున్నారు. ఇంతకీ అక్కడ ఏం నేర్పుతారు? ఎక్కడ చదవాలి? చదివాక తిండి దొరుకుతుందా?

సమాధానం:

అమ్మా, నీ మూడు ప్రశ్నలకు జవాబు చెబుతాను గానీ ముందు ఆ నోటుపుస్తకం సంగతి తేల్చుకుందాం. ఒక అమ్మాయి తల్లితో మాట్లాడుకుంటుంటే పక్కన కూర్చుని రాసుకున్నావు. ఆ సంగతి ఆమెకు చెప్పావా? ఉత్తరంలో ఆ మాట లేదు. చెప్పి ఉండకపోతే రేపే చెప్పు. ఎవరి భాషను వింటున్నామో వాళ్ల అనుమతి తీసుకోవడం ఈ చదువులో మొదటి పాఠం. పుస్తకాల్లో అది చివరి అధ్యాయంలో ఉంటుంది, అది వేరే సంగతి. అనుమతి అడిగితే నీకే లాభం. దొంగచాటుగా విన్న నూటయాభై మాటల్లో కనీసం ముప్ఫై తప్పుగా విని ఉంటావు. ఆమె పక్కన కూర్చుంటే ఒక్క సాయంత్రంలో దిద్దిస్తుంది. ఆ తర్వాత అట్ట మీద నీ పేరు పక్కన ఆమె పేరు కూడా రాయి.

ఇక నీ మొదటి ప్రశ్న. నేను ఈ చదువు ముగించి ముప్ఫై ఏళ్లు దాటింది. అప్పట్లో ఒక ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్తే బల్లకు అవతల కూర్చున్న పెద్దమనిషి ‘భాషాశాస్త్రమా, అయితే మీకు ఎన్ని భాషలు వచ్చు?’ అని అడిగారు. తెలుగు, ఇంగ్లీషు, కొంచెం హిందీ అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది, నాకు ఉద్యోగం రాలేదు. ఇప్పటికీ పెళ్లిళ్లలో ఎవరో ఒకరు అదే ప్రశ్న వేస్తుంటారు. వృక్షశాస్త్రం చదివినవాడిని ‘మీకు ఎన్ని ఎకరాల తోట ఉంది’ అని అడిగినట్టే ఉంటుంది నాకు. భాషలు నేర్పే కోర్సులు వేరు. ఇక్కడ నేర్పేది భాష ఎలా పనిచేస్తుందో విప్పి చూడటం.

ఒక చిన్న పని చేసి చూడు. ‘పులి’కి బహువచనం ఏమిటి? పులులు. కత్తి, కత్తులు. పిల్లి, పిల్లులు. చివరి ఇకారం ఉకారం అయిందని తేలిగ్గానే తెలుస్తుంది. ఇప్పుడు ‘మనిషి’ అను. మనుషులు. చివరి ఇకారమే కాదు, నడుమ ఉన్నది కూడా మారిపోయింది. ‘మనిషులు’ అంటే చెవికి గుచ్చుకుంటుంది. ఈ సూత్రం నీకు ఎవరు చెప్పారు? మీ అమ్మ చెప్పలేదు, బడిలో మాస్టారూ చెప్పలేదు. అయినా మూడో ఏట నుంచీ పొరపాటు లేకుండా అంటున్నావు. ఎవరూ చెప్పని సూత్రం నీ తలలోకి ఎలా వచ్చింది, అది ఎంతవరకు వర్తిస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అని ఆరా తీయడమే ఈ చదువు. ఇంకొకటి. ‘పుస్తకం లేదు’ వేరు, ‘పుస్తకం కాదు’ వేరు. ‘మనం వెళ్దాం’, ‘మేము వెళ్తాం’ వేరు. ఇంగ్లీషువాళ్లు మొదటి జంటను ఒక్క ‘నాట్’తో, రెండో జంటను ఒక్క ‘వియ్’తో సరిపెట్టుకుంటారు. మన తేడాలు వాళ్లకు బోధపరచాలంటే ఎంత సేపు పడుతుందో ఎప్పుడైనా ప్రయత్నించి చూడు.

రెండేళ్ల ఎం.ఏ.లో ఇదే పని మెట్టు మెట్టుగా చేయిస్తారు. మొదట ధ్వనులు. మా మొదటి తరగతిలో ‘చాప’, ‘చీమ’ అని పదిసార్లు అనిపించి, నాలుక ఎక్కడ తగులుతోందో చూసుకోమన్నారు. ఇరవై రెండేళ్లు తెలుగు మాట్లాడిన నాకు, మన చకారాలు రెండని ఆ రోజే నోటికి తెలిసింది. ఒకటి పళ్ల దగ్గర పుడుతుంది, రెండోది అంగిలి దగ్గర. పాత వ్యాకరణాలు ఈ సంగతి ఎప్పుడో చెప్పాయి, మనం పట్టించుకోలేదు. ఆ తర్వాత పదం, వాక్యం, అర్థం వరసగా వస్తాయి. భాషలు కాలంతో ఎలా మారతాయి, ఊరినీ కులాన్నీ చదువునూ బట్టి మాట ఎలా మారుతుంది అనేవి వేరే పాఠాలు. చివర్లో ఒక భాష మాట్లాడేవాళ్ల దగ్గరికి వెళ్లి, రికార్డు చేసి, రాసి, విశ్లేషించే పని. నువ్వు ఆ చివరి పనితోనే మొదలుపెట్టావు.

నీ స్నేహితుల నవ్వు గురించి. మీ శ్రీకాకుళం మాట ‘సరిగా లేదు’ అని తేల్చినవాళ్లకు శ్రీకాకుళం వాళ్లే ఒకరు నూరేళ్ల కిందట జవాబు చెప్పారు. గిడుగు రామమూర్తి 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. జనం మాట్లాడే తెలుగును రాతలోకి తెచ్చే వ్యావహారిక భాషోద్యమం ఆయనది. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం జరుపుతాం, ఆ రోజు వేదికల మీద గ్రాంథికంలో ఉపన్యాసాలూ వింటాం. ఆయన చేసిన రెండో పని సంగతి మాత్రం చాలామందికి తెలియదు. అక్కడి కొండల్లో ఉండే సవరల భాష తెలిసినవాళ్లను దగ్గర పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. దానికి వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. వ్యాకరణం 1931లోనూ, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ అచ్చయ్యాయి. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగీ మింగీ వినికిడి పోగొట్టుకున్నారని చెబుతారు. ధ్వనుల మనిషికి చెవులు పోవడం ఎంత కష్టమో నేను చెప్పనక్కరలేదు. ఈ శాస్త్రంలో ‘తప్పు యాస’ అనే మాటే ఉండదు. నీ యాస నీకు అదనపు సామగ్రి. పత్రికల తెలుగు, ఇంటి తెలుగు రెండూ తెలిసినవాళ్లకు తేడాలు ముందుగా వినిపిస్తాయి.

నీ నోటుపుస్తకానికి మళ్లీ వస్తాను, ఎందుకంటే అందులో ఏం దొరికిందో నీకు ఇంకా తెలిసినట్టు లేదు. తెలుగుకు దగ్గరి చుట్టం ఎవరని అడిగితే అందరూ కన్నడం అంటారు. లిపి వరకైతే అది నిజమే. వంశవృక్షంలో మాత్రం తెలుగు వేరే కొమ్మ మీద కూర్చుంటుంది. అదే కొమ్మ మీద గోండి, కొండ, కూయి, కువి, పెంగో అనే భాషలు ఉన్నాయి. అంటే నీ క్లాసుమేటు వాళ్ల అమ్మతో మాట్లాడే భాష మన భాషకు తోబుట్టువు. ఆధారం ఏమిటంటావా? తమిళులు ‘ఇరండు’ అంటే మనం ‘రెండు’ అంటాం. వాళ్ల ‘ఉరల్’ మన ‘రోలు’. వాళ్ల ‘అవన్’ మన ‘వాడు’. మాట మొదట ఉండాల్సిన అచ్చు వెనక్కి జరిగి, లోపలి హల్లు ముందుకు గెంతింది. ఈ గెంతు ఆ కొండల్లోని చుట్టాల్లోనూ ఉంది. నీ పుస్తకం తెరిచి ‘రెండు’, ‘వాడు’ అనే మాటలకు కువి రూపాలు రాసుకున్నావేమో చూడు. లేకపోతే ముందు వాటినే అడుగు.

ఈ గెంతుల లెక్క తేల్చినవారిలో భద్రిరాజు కృష్ణమూర్తి ముఖ్యులు. ఆయన చదివిందీ, మొదట్లో తెలుగు పాఠాలు చెప్పిందీ మీ ఊరి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోనే. తర్వాత అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేశారు. తెలుగు క్రియాధాతువుల మీద ఆయన పుస్తకం 1961లో వచ్చింది. 1962లో ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నిలబెట్టారు. అరకు కొండల్లో తిరిగి సేకరించిన మాటలతో కొండ భాషకు వ్యాకరణం రాసి 1969లో వెలువరించారు. కిరండూల్ బండి ఎక్కి బొంగు చికెన్ కోసం నువ్వూ నేనూ వెళ్లే అరకే అది. అక్కడి గదబల సంగతి ఇంకా విచిత్రం. గదబ అనే ఒకే పేరున్న జనంలో ఒల్లారి మాట్లాడేవాళ్లది ద్రావిడ భాష. గుతోబ్ మాట్లాడేవాళ్లది ముండా భాష, అంటే సవరకు బంధువు, దూరం వెళ్తే కంబోడియా ఖ్మేరుకు, వియత్నామీసుకు బంధువు. పేరు ఒకటే, కుటుంబాలు రెండు. ప్రపంచంలో చాలా విశ్వవిద్యాలయాల వాళ్లు విమానం ఎక్కి వెతుక్కోవలసిన వైవిధ్యం నీకు బస్సు దూరంలో ఉంది.

ఇంత చెప్పి నిన్ను ఊరించి వదిలేస్తే మీ నాన్న నన్ను తిట్టుకుంటారు. ఈ చదువు ఎవరికి పడదో కూడా చెప్పాలి. నా తరగతిలో చేరిన వాళ్లలో కవిత్వం ఇష్టమని వచ్చినవాళ్లు మొదటి సెమిస్టరులోనే దిగాలుపడిపోయారు. పద్యం గురించి మాట్లాడతారనుకుంటే వాక్యాన్ని కొమ్మలుగా విరిచి చెట్టుబొమ్మలు గీయమన్నారు. ఇది సాహిత్యం కంటే లెక్కలకు దగ్గర. కంప్యూటర్స్ చదివిన నీకు ఆ చెట్లు, సూత్రాలు భయం కలిగించకపోవచ్చు. నీకు ఎదురయ్యే ఇబ్బంది ఇంగ్లీషు. పాఠాలూ పుస్తకాలూ దాదాపు అన్నీ అందులోనే ఉంటాయి. మొదటి ఆరు నెలలు రాత్రిళ్లు నిఘంటువుతో గడుస్తాయి. నాకు అలాగే గడిచాయి, చావలేదు. తెలుగులో మొదలుపెట్టాలంటే 1974లో కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన ‘తెలుగు భాషా చరిత్ర’ ఉంది. క్యాంపస్‌లోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో అడిగి చూడు. మొదటి పేజీ నుంచి చదవకు, మాండలికాల అధ్యాయంతో మొదలుపెట్టు.

ఎక్కడ చదవాలి? ఏ డిగ్రీ చదివినవాళ్లనైనా చాలాచోట్ల చేర్చుకుంటారు కాబట్టి నీ గ్రూపు అడ్డం కాదు. ఇల్లు వదలకుండా చదవాలనుకుంటే మద్దిలపాలెంలో బస్సు దిగి ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆఫీసులోనే ఈ ఏటి సీట్ల సంగతి అడుగు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల పి.జి. సీట్లకు ఏపీపీజీసెట్ రాయాలి. నన్నడిగితే మాత్రం హైదరాబాదు వెళ్లు. అక్కడ ఒకే ఊళ్లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఇఫ్లూ అనే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, ఉస్మానియా ఉన్నాయి. ఒక చోట చదువుతూ మరో చోట సెమినారుకు వెళ్లి కూర్చోవచ్చు. ఢిల్లీలో జె.ఎన్.యు., ఢిల్లీ విశ్వవిద్యాలయం, పుణేలో డెక్కన్ కాలేజీ పేరున్నవే. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి దారి సీయూఈటీ పి.జి. పరీక్ష. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. దరఖాస్తులు చలికాలంలోనే వచ్చేస్తాయి. డిగ్రీ ఫలితాలు వచ్చాక చూద్దాంలే అనుకున్నవాళ్లు ఏడాది పోగొట్టుకుంటారు. ఇఫ్లూ ప్రకటన విడిగా చూసుకో.

తిండి ప్రశ్న మీ నాన్నది, అది న్యాయమైన ప్రశ్న. సూటిగా చెబుతాను. మన డిగ్రీ కళాశాలల్లో ఈ సబ్జెక్టు దాదాపు లేదు, కాబట్టి లెక్చరర్ పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉంటాయి. భాషాశాస్త్రం ఎం.ఏ. తెలుగు ఎం.ఏ.కు బదులు కాదు. జూనియర్ లెక్చరర్ తెలుగు పోస్టుకు తెలుగు ఎం.ఏ.నే కావాలి. మాట రాని పిల్లలకు చికిత్స చేసే ఉద్యోగం కూడా దీంతో రాదు, దానికి వేరే డిగ్రీ, పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఈ మూడూ తెలియక చేరి, తర్వాత ఏడ్చినవాళ్లను చూశాను.

ఇక ఉన్న దారులు. లెక్చరర్ అర్హతకు, పరిశోధనకు రాసే యూజీసీ నెట్ పరీక్షలో భాషాశాస్త్రం ఒక సబ్జెక్టు. అందులో జె.ఆర్.ఎఫ్. అనే పరిశోధక వేతనం వచ్చి పరిశోధనలో చేరితే మొదట్లో నెలకు 37,000 రూపాయలు. మైసూరులో 1969లో పెట్టిన భారతీయ భాషల కేంద్రీయ సంస్థ ఉంది. పదివేలమంది లోపు మాట్లాడే భాషలను నమోదు చేసే పథకాన్ని 2013 నుంచి ఆ సంస్థే నడుపుతోంది. ఇలాంటి చోట్ల పని ఎక్కువగా ప్రాజెక్టు ఉద్యోగమే, ప్రాజెక్టు అయిపోతే ఇంకోటి వెతుక్కోవాలి. గిరిజన పిల్లలకు ఇంటి భాషలో తొలి తరగతులు చెప్పే కార్యక్రమం ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది భాషల్లో మొదలైంది, కువి అందులో ఒకటి. పాఠం రాయాలంటే ఆ భాష తెలిసినవాళ్లతో పాటు భాష తీరు తెలిసినవాళ్లు కూడా కావాలి.

నీకు అన్నిటికంటే దగ్గరి దారి కంప్యూటర్లది. ‘వెళ్లగలిగినవాళ్లందరికీ’ అనేది మనకు ఒక మాట. యంత్రానికి అది ముడి. ఎక్కడ విప్పాలో, ఏ ముక్క ఏ పని చేస్తోందో దానికి చెప్పాలి. ప్రోగ్రాము రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, ఆ ముడి విప్పగలిగేవాళ్లు కొద్దిమంది. రెండూ తెలిసినవాళ్లు ఇంకా కొద్దిమంది. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన భాషిణి లాంటి అనువాద ప్రయత్నాలకు, కంపెనీల మాట గుర్తించే పరికరాలకు ఇదే సరుకు కావాలి. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో దీనికోసమే పరిశోధన కేంద్రం ఉంది. అందుకని ఎం.ఏ.లో చేరినా ప్రోగ్రామింగ్ మానకు. ‘ఇక కంప్యూటర్ల పీడ వదిలింది’ అని మురిసిపోయే అమ్మాయివైతే మాత్రం మళ్లీ ఆలోచించుకో.

మీ నాన్నకు ఇలా చెప్పు. ఎం.ఏ. ముగిసేసరికి నీకు ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. బ్యాంకు ప్రొబేషనరీ ఆఫీసర్ పరీక్షకు సాధారణ వయోపరిమితి ముప్ఫై, బి.ఇడి. అప్పుడూ చెయ్యవచ్చు. మామయ్య చెప్పే కోచింగ్ సెంటర్లు ఎక్కడికీ పోవు, ద్వారకానగర్‌లో వాటికి ఇంకో రెండంతస్తులు లేస్తాయి తప్ప. నా సలహా: ఈ చలికాలం సీయూఈటీకి దరఖాస్తు పెట్టు. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సీటు, హాస్టలు వస్తే వెళ్లు. రాకపోతే అప్పు చేసి ఎక్కడో ప్రైవేటులో మాత్రం ఈ కోర్సు చదవకు. ఉద్యోగం చూసుకుంటూ మరుసటి ఏడు మళ్లీ రాయి.

ఈలోగా నువ్వు ఈ పనికి సరిపోతావో లేదో తెలుసుకోవడానికి రెండు నెలల పని ఇస్తున్నాను. ధ్వనులను బొమ్మలుగా చూపించే ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దించుకో. ‘చాప’, ‘చీమ’ రికార్డు చేసి ఆ రెండు చకారాల బొమ్మలు పక్కపక్కన పెట్టి చూడు. తర్వాత పుస్తకం గిస్తకం, పని గిని, చీర గీర, పాలు గీలు. పొట్టి అచ్చు ఉంటే గి, పొడుగు అచ్చు ఉంటే గీ. బాగానే ఉంది. మరి ‘గిన్నె’ను ఏమంటారు? ‘గిన్నె గిన్నె’ అనలేరు కదా. ‘గీత’ను? నువ్వు ఆలోచించి చెప్పకు, మీ వీధిలో ఇరవైమందిని అడిగి, ఎవరు ఏమన్నారో, ఎవరు తడబడ్డారో వయసుతో సహా రాయి. ఈ పని నీకు విసుగు పుట్టిస్తే హాయిగా బ్యాంకు పరీక్ష రాసుకో, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఇరవై ఒకటో మనిషిని వెతుక్కుంటూ వెళ్లావంటే నాకు ఇంకో ఉత్తరం రాయి.

చివరి పని మీ ఇంట్లోనే ఉంది. కృష్ణమూర్తి ఆధ్వర్యంలో మాండలిక వృత్తిపదకోశం అని ఒక పెద్ద పని జరిగింది. 1962లో వ్యవసాయం, 1971లో చేనేత, ఆ తర్వాత మరికొన్ని వృత్తులు. ఊరూరా తిరిగి, పని చేసేవాళ్లను అడిగి, ఒకే పనిముట్టుకు ఎక్కడ ఏ పేరో రాసుకున్నారు. ఉలి, బాడిశ, చిత్రిక, రంపం, బరమా, మూలమట్టం. ఇవి నాకు తెలిసిన పేర్లు. మీ నాన్న పని ముగించుకుని వచ్చాక ఆయన సంచి తెరిపించి, ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని, శ్రీకాకుళంలో ఏమనేవాళ్లు, గాజువాకలో ఏమంటున్నారు, ఒడిశా నుంచి వచ్చిన పనివాళ్లు ఏమంటారు అని అడుగు. ‘ఎందుకే ఇవన్నీ’ అంటారు. చదువు కోసమని చెప్పు. మూలమట్టానికి ఆయన దగ్గర వేరే పేరు ఉంటే అది నాకూ రాసి పంపు.